నీరు తీసే సూదికి ముందు
(మన సొసైటీ వార్షిక సభలో ఆరోగ్య సహాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో ఆరోగ్య సహాయ బృందం తరఫున మేము లేచి లెక్క చెబుతాం. ఎందరికి మందులు ఇప్పించాం, ఎందరిని ఆస్పత్రికి తీసుకుపోయాం అని చదువుతాం. మీరు విని సంతోషిస్తారు. ఈసారి ఆ లెక్క కోశాధికారి గారు చదువుతారు. మేము మాత్రం మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవడానికి లేచాం. మీ జకాత్, సదఖా సొమ్ముతో మేము చేసిన తప్పు అది. దాన్ని దాచిపెట్టి మళ్లీ మీ ముందు చేయి చాపడం మాకు మనసొప్పలేదు.

మన బస్తీలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం చాచా అంటాం. అండర్‌గ్రౌండ్ గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. 70 ఏళ్లు దాటాయి. ఆయాసం ఎప్పటి నుంచో ఉంది. కొన్నేళ్లుగా కాళ్లకు వాపు కూడా మొదలైంది. ఒకసారి వాపు మోకాళ్ల దాకా వచ్చి, పడుకుంటే ఊపిరాడని స్థితిలో ఆస్పత్రిలో చేర్పించాం. అక్కడ డాక్టర్లు నరానికి ఒక సూది వేశారు. గంట తిరక్కుండానే మూత్రం ధారగా వచ్చింది. రాత్రికి చాచా వెల్లకిలా పడుకుని నిద్రపోయారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో దానికి ‘నీరు పోయే సూది’ అని పేరు పడింది. ఆస్పత్రి చీటీని ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచుకున్నారు.

పోయిన ఎండాకాలం మే నెలలో చాచా కొడుకు ఫోన్ చేశాడు. “భాయ్, అబ్బాకు కాళ్లు మళ్లీ ఉబ్బినయ్. ఆ సూది ఇప్పించండి” అన్నాడు. మా వాలంటీర్ పాత చీటీ తీసుకుని మందుల షాపుకు వెళ్లాడు. సొసైటీ డబ్బుతో సూది మందు కొన్నాడు. దగ్గర్లో సూదులు వేసే ఒకతను ఇంటికొచ్చి వేసి వెళ్లాడు. డాక్టర్ చూడలేదు. బీపీ చూడలేదు. రక్తపరీక్ష లేదు. చాచాకు అప్పటికి మూడు రోజులుగా విరేచనాలు అవుతున్నాయన్న సంగతి మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

అర్ధరాత్రి చాచా బాత్‌రూముకు లేచారు. నాలుగడుగులు వేసి పడిపోయారు. గడపకు తల తగిలింది. పలకరిస్తే పలకలేదు. 108 పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయారు. బీపీ బాగా పడిపోయింది, రక్తంలో పొటాషియం తగ్గిపోయింది, కిడ్నీల మీద భారం పడింది అని చెప్పారు. అల్లాహ్ దయవల్ల ఐదో రోజున ఇంటికి వచ్చారు. ఈరోజు ఈ సభలోనే వెనక వరుసలో ఉన్నారు. ఆయన అనుమతి తీసుకునే ఇది చెబుతున్నాం. పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు.

ఆ ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మమ్మల్ని ఒకే మాట అడిగారు: “ఈ సూదికి ముందు ఆయన్ను చూసింది ఎవరు?” మేము నలుగురం అక్కడే ఉన్నాం. ఒక్కరం కూడా నోరు తెరవలేకపోయాం.

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఈ ఏడాదంతా మేము డాక్టర్లను, నర్సులను, ఫార్మసిస్టులను అడిగి తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాం. మేము డాక్టర్లం కాము. ఎవరికి ఎంత మందు వేయాలో మేము చెప్పం. ఆ సూదికి ముందు ఇంటివాళ్లు ఏం అడగాలి, డాక్టరుకు ఏం చెప్పాలి, అంతవరకే చెబుతాం.

ముందు ఆ మందు గురించి. దాని అసలు పేరు ఫ్యూరోసెమైడ్. మన షాపుల్లో లాసిక్స్ అంటే అందరికీ తెలుస్తుంది. 1960ల్లో జర్మనీకి చెందిన హెక్స్ట్ కంపెనీ దీన్ని తెచ్చింది. ఆరు గంటలు పనిచేస్తుందన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషు మాటలు కలిపి ఆ పేరు పెట్టారని చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఇది ఉంది. అంటే ఇది చెడ్డ మందు కాదు. ప్రతి ఆస్పత్రిలో ఉండి తీరాల్సిన మందు.

అంతకుముందు నీరు తీయడానికి పాదరసం కలిసిన సూదులు వాడేవారు. 1919లో వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ వోగెల్ అనే వైద్య విద్యార్థి, వేరే జబ్బుకు పాదరసం సూది వేసిన రోగికి మూత్రం విపరీతంగా రావడం గమనించాడు. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు గుండె జబ్బు వాపులకు ఆ సూదులే దిక్కు. పాదరసం విషం కాబట్టి వాటితో కిడ్నీలు దెబ్బతినేవి. వాటి స్థానంలో వచ్చిన మంచి మందుల్లో ఫ్యూరోసెమైడ్ ఒకటి. మంచి మందే అయినా, బలమైన మందు.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి లాగేసుకుని, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. అలా వెనక్కి లాగడంలో ఉప్పు ముందు నడుస్తుంది, నీరు దాని వెంట పోతుంది. ఈ మందు కిడ్నీలోని సన్నని గొట్టాల్లో ఒకచోట ఉప్పును వెనక్కి లాగే పని ఆపుతుంది. ఉప్పు మూత్రంలోనే ఉండిపోతుంది, నీరూ దానితోపాటు బయటికి పోతుంది. నీటితోపాటు సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం కూడా పోతాయి. పొటాషియం మరీ తగ్గితే గుండె లయ తప్పుతుంది. సోడియం మరీ తగ్గితే మనిషి మత్తుగా, తికమకగా అవుతాడు. ఒంట్లో అదనపు నీరు లేని మనిషికి ఇదే మందు ఇస్తే రక్తంలోని నీరే తగ్గిపోతుంది.

మాత్రగా వేసుకుంటే గంటలోపు పని మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలు చేస్తుంది. నరానికి ఇస్తే ఐదు నిమిషాల్లో మొదలై, అరగంటలో పూర్తి బలం చూపి, రెండు గంటల దాకా ఉంటుంది. మాత్రలో తేడా వస్తే సర్దుకోవడానికి కొంత సమయం ఉంటుంది. నరం సూదిలో తప్పు జరిగితే అంత సమయం ఉండదు.

ఈ మాట మన గని ప్రాంతంలో ఇంకా ఎందుకు చెప్పాలి? మన ఇళ్లలో కాళ్ల వాపు చాలామందికి ఉంది. బొగ్గు దుమ్ము పీల్చి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ప్రభుత్వం నోటిఫై చేసిన వ్యాధి. ఏళ్ల తరబడి ఊపిరితిత్తులు పాడైతే వాటికి రక్తం తోసే గుండె కుడి భాగం అలసిపోతుంది. అప్పుడు కాళ్లకు నీరు దిగుతుంది. దానికి తోడు బీడీ, బీపీ, షుగర్. ఇక మన ఎండలు మీకు చెప్పాలా? మే నెలలో రామగుండం నుంచి ఆసిఫాబాద్ దాకా 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ చెమటకు ఒంట్లో నీరు, ఉప్పు ముందే తగ్గిపోయి ఉంటాయి.

ఇప్పుడు జాగ్రత్తలు ఒక్కొక్కటే చెబుతాం.

మొదటిది, వాపు ఎందుకు వచ్చిందో తెలియాలి. వాపు కనిపించిన ప్రతిచోటా ఈ సూది పనికి రాదు. గుండె, కిడ్నీ, కాలేయం, ఈ మూడింటి వల్ల వచ్చే వాపులకు డాక్టర్లు దీన్ని వాడతారు. కానీ రక్తం తక్కువైనా కాళ్లు ఉబ్బుతాయి. థైరాయిడ్ తగ్గినా ఉబ్బుతాయి. బీపీకి వాడే అమ్లోడిపిన్ మాత్రతో చాలామందికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. దానికి డాక్టర్ మాత్ర మారుస్తారు, నీరు తీసే సూది వేయరు. బోదకాలు వాపు ఈ సూదితో దిగదు. ఒక్క కాలే ఉన్నట్టుండి ఉబ్బి నొప్పి పెడితే, అది నరంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. అది వెంటనే ఆస్పత్రికి పోవలసిన సంగతి. గర్భిణికి ముఖం, చేతులు ఉబ్బితే బీపీ చూపించాలి, సూది వెతకకూడదు.

రెండోది, సూది వేసే రోజున మనిషి ఎలా ఉన్నాడో చూడాలి. విరేచనాలు, వాంతులు, జ్వరం ఉన్నాయా? రెండు రోజులుగా అన్నం నీళ్లు సరిగా తీసుకోలేదా? ఎండలో తిరిగి వచ్చాడా? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? నాలుక ఎండిపోయిందా? వీటిలో ఏది ఉన్నా డాక్టరుకు ముందే చెప్పాలి. మా చాచా విషయంలో జరిగింది ఇదే. కాళ్లలో నీరుంది, రక్తంలో నీరు లేదు. కాళ్లు చూసి సూది వేశాం, మనిషిని చూడలేదు.

మూడోది, మూత్రం వస్తోందా లేదా చెప్పాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయిన రోగికి ఈ మందు ఇవ్వకూడదు. పెద్ద వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ధార సన్నబడి ఉంటే, సూది వల్ల మూత్రాశయం నిండిపోయి బయటికి రాక విలవిల్లాడతారు. సిగ్గుపడి ఈ మాట దాస్తారు. అబ్బాకు సిగ్గయితే కొడుకులు చెప్పండి.

నాలుగోది, పరీక్షలు. బీపీ, బరువు, రక్తంలో క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగర్. ప్రాణం మీదికి వచ్చిన వేళ డాక్టర్లు ముందు సూది వేసి తర్వాత పరీక్ష చేస్తారు. అది ఆస్పత్రిలో, వాళ్ల కళ్ల ముందు. అత్యవసరం కానప్పుడు, మళ్లీ మళ్లీ సూది పడుతున్నప్పుడు ఈ పరీక్షలు లేకుండా ముందుకు పోకూడదు.

ఐదోది, వాడుతున్న మందులన్నీ చూపించాలి. పేరు చెప్పడం రాకపోతే స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. బీపీ మందులతో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. గుండెకు డిగాక్సిన్ వాడేవారికి పొటాషియం తగ్గితే ఆ మాత్రే విషమవుతుంది. మానసిక జబ్బుకు లిథియం వాడేవారికి రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఆయాసానికి వాడే స్టెరాయిడ్ మాత్రలు, సాల్బ్యుటమాల్ లాంటివి కూడా పొటాషియాన్ని తగ్గిస్తాయి. మన గని పెద్దల్లో ఈ మందులు వాడేవారు ఎందరో ఉన్నారు. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ సూదులతో కలిస్తే చెవుల వినికిడి పోయే ప్రమాదం పెరుగుతుంది. ఇక నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు ఉన్నాయి కదా, అవి ఈ మందు పనిని తగ్గిస్తాయి, కిడ్నీల మీద దెబ్బను పెంచుతాయి. “నొప్పి బిళ్లే కదా” అని దాన్ని చెప్పకుండా వదిలేయకండి.

ఆరోది, పాత సంగతులు. సల్ఫా మందులు పడనివారు ఆ మాట తప్పక చెప్పాలి. ఈ మందే ఒకసారి వేస్తే దద్దుర్లు, ఆయాసం వచ్చిందా చెప్పాలి. షుగర్ ఉంటే పెరగవచ్చు. గౌట్ ఉంటే యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్ల నొప్పి తిరగబెట్టవచ్చు. కాలేయం పాడై పొట్టలో నీరు చేరినవారికి, నీరు వేగంగా తీస్తే మనిషి మత్తులోకి జారే ప్రమాదం ఉంది. అలాంటివారికి ఇంట్లో ఈ సూది మాట ఎత్తకూడదు. గర్భం ఉందా, బిడ్డకు పాలిస్తున్నారా అన్నది ఆడవాళ్లు అడగకముందే చెప్పాలి.

ఏడోది, సూది వేసే తీరు. ఈ మందు మామూలుగా ఒక ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే రెండు ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీగ్రాములు. చీటీలో 20 అని ఉంటే అది మిల్లీగ్రామా, ఎంఎల్లా అన్న తేడా తెలియని చేతిలో సిరంజి పెట్టడం ఎంత ప్రమాదమో చూడండి. 20 నుంచి 40 మిల్లీగ్రాముల మోతాదును నరంలోకి ఒకటి రెండు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఎక్కించాలి. పెద్ద మోతాదయితే నిమిషానికి 4 మిల్లీగ్రాములు దాటకుండా సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. తొందరపడి తోస్తే చెవుల్లో హోరు, వినికిడి తగ్గడం జరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆంప్యూల్ మీద తేదీ చూడండి. మందు నీళ్లలా తేటగా ఉండాలి. పసుపు రంగు తిరిగితే వాడకూడదు. వెలుతురు తగలకుండా పెట్టాల్సిన మందు ఇది. కిటికీ అంచున పెట్టి దాచుకునేది కాదు. సిరంజి, సూది కొత్తవి మీ కళ్ల ముందే విప్పాలి.

ఎనిమిదోది, సూది తర్వాత. బాత్‌రూము దగ్గరగా ఉండాలి, దారిలో లైటు ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. మంచం మీంచి ఒక్కసారిగా లేవకుండా, ముందు కూర్చుని, కాసేపాగి, పట్టుకుని లేవాలి. ఆ పూట బండి నడపకూడదు, డ్యూటీకి పోకూడదు. ఎంత మూత్రం వచ్చిందో ఒక కొలత డబ్బాలో చూసి రాసుకోవాలి. రోజూ పొద్దున మూత్రానికి పోయి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో బరువు చూసి రాయాలి. బరువు గబగబా తగ్గినా, పెరిగినా డాక్టరుకు ఫోన్ చేయాలి. పిక్కలు పట్టేయడం, గుండె దడ, విపరీతమైన దాహం, తికమక మాటలు, చెవుల్లో హోరు, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

తిండి గురించి ఒక్క మాట. వాపు ఉన్న మనిషికి సూది వేయించి, మధ్యాహ్నం మామిడికాయ పచ్చడి, అప్పడాలు పెడితే ఒక చేత్తో తోడి ఇంకో చేత్తో పోసినట్టే. ఉప్పు తగ్గించాలి. నీళ్లు ఎన్ని తాగాలో డాక్టరునే అడగాలి. కొందరికి తగ్గించమంటారు, కొందరికి వద్దంటారు. పొటాషియం కోసం కొబ్బరి నీళ్లు, అరటిపండ్లు అని ఎవరో చెబుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి అవే పొటాషియాన్ని ప్రమాదకరంగా పెంచుతాయి. పరీక్ష చూసి డాక్టర్ చెబితేనే తీసుకోవాలి.

ఇక రోజా సంగతి. ఈ మాట అడగనివారు లేరు. సూది వేయించుకుంటే రోజా ఉంటుందా పోతుందా అన్నది ఆలిములను అడగండి. సూది తర్వాత సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండవచ్చా అన్నది డాక్టరును అడగండి. ఈ రెండు ప్రశ్నలూ రమజాన్ రాకముందే అడగాలి, సహర్ వేళ కాదు. రోగికి దీన్‌లో సడలింపు ఉందని మనందరికీ తెలుసు. అయినా మన పెద్దలు దాన్ని తీసుకోవడం చిన్నతనంగా అనుకుంటారు. డాక్టర్ ఉండవద్దన్నాక ఉండకపోవడం కూడా అల్లాహ్ ఇచ్చిన అనుమతిని గౌరవించడమేనని ఇంట్లో పిల్లలు అబ్బాకు, అమ్మీకి మెల్లగా చెప్పాలి. కొందరికి డాక్టర్లు మందు వేళలు మార్చి ఇస్తారు. మనంతట మనం మార్చుకోకూడదు, మానేయకూడదు.

ఇదంతా విని “అయితే ఈ సూది వద్దే వద్దు” అనుకుంటే మేము ఇంకో తప్పు చేసినట్టవుతుంది. అందుకే రెండో సంగతి చెబుతాం. మొన్న చలికాలంలో ఒక ఖాలాకు రాత్రి రెండు గంటలకు ఊపిరాడలేదు. పడుకోలేక లేచి కూర్చున్నారు. దగ్గితే నురగ పడింది. కోడలు తెలివైంది. ఎవరినీ ఇంటికి పిలవలేదు, 108కు ఫోన్ చేసింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఇదే సూది, ఇదే మందు వేశారు. తెల్లారేసరికి ఖాలా మాట్లాడారు. చాచాను పడేసిన మందే ఖాలాను నిలబెట్టింది. తేడా ఏమిటంటే, ఖాలాను ముందు డాక్టర్ చూశారు.

అమెరికాలో 2022లో ఇదే మందును ఇంట్లోనే చర్మం కింద 5 గంటలపాటు నెమ్మదిగా ఎక్కించే, ఒంటికి అతికించుకునే పరికరానికి అనుమతి ఇచ్చారు. అది కూడా డాక్టర్ ఎంచి చెప్పిన రోగులకే. ఉన్నట్టుండి ఊపిరాడని అత్యవసరానికి అది పనికిరాదని అక్కడే స్పష్టంగా రాశారు. అంటే ఇంట్లో సూది అన్నది తప్పేమీ కాదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత అని ఎవరూ చూడకుండా వేయడమే తప్పు.

దాతలారా, ఇక మీ సొమ్ము సంగతి. మన ప్రాంతంలో వైద్యం అసలే లేదని అనలేం. సింగరేణి ఉద్యోగులకు, వారి కుటుంబాలకు కంపెనీ డిస్పెన్సరీలు, ఏరియా ఆస్పత్రులు ఉన్నాయి. 2022లో రామగుండంలో, మంచిర్యాలలో, 2023లో ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆరోగ్యశ్రీ ఉంది. కానీ కాంట్రాక్టు పని చేసేవారు, ఆటో నడిపేవారు, తోపుడు బండి వాళ్లు, ఒంటరి ముసలివాళ్లు ఆ గడప దాకా పోవడానికి ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి, బండి కిరాయి పెట్టుకోవాలి. అందుకే సందు చివర సూది వేసే మనిషిని పిలుస్తారు. వాళ్లను తప్పు పట్టే ముందు మనం ఆలోచించాలి. మేము కూడా మందు కొనడానికి డబ్బు ఇచ్చాం గాని, డాక్టర్ దగ్గరికి పోవడానికి ఇవ్వలేదు. రసీదు చూపించడానికి మందు సులువు. ఆటో కిరాయికి, రక్తపరీక్షకు మన లెక్కల పుస్తకంలో పద్దే లేదు.

ఈ ఏడాది నుంచి మేము మూడు నియమాలు పెట్టుకున్నాం. మీ అనుమతి కోరుతున్నాం.

ఒకటి, పాత చీటీ మీద సొసైటీ డబ్బుతో ఏ సూది మందూ కొనం. డాక్టర్ ఆ రోగిని ఇప్పుడు చూసి రాసిన చీటీ ఉండాలి. ఎంత దగ్గరి బంధువు అడిగినా ఇదే మాట. ఎవరైనా మా మీద అలిగితే మీరు మా పక్షాన నిలబడాలి.

రెండు, మందుల పద్దులోంచి కొంత తీసి రక్తపరీక్షలకు, ఆస్పత్రి దాకా కిరాయికి, పక్కన ఉండే మనిషికి పెడతాం. వాపు, ఆయాసం ఉన్న ఇళ్లకు బీపీ మిషన్లు, బరువు చూసే మిషన్లు తిప్పి ఇస్తాం. సూది కంటే ఇవే ఎక్కువ మందిని కాపాడతాయని మాకు చెప్పారు. చాచా తర్వాత మేము నమ్మాం.

మూడు, ప్రతి ఇంటికి ఒక కార్డు ఇస్తాం. తెలుగులో ఒకవైపు, ఉర్దూలో ఒకవైపు. పేరు, వయసు, జబ్బులు, వాడే మందులు, పడని మందులు, చివరి బరువు, చివరి పరీక్ష తేదీ. చదువుకునే మన పిల్లలు సెలవుల్లో ఇంటింటికీ తిరిగి నింపుతామని ముందుకొచ్చారు. అర్ధరాత్రి 108లో ఎక్కించేటప్పుడు ఆ కార్డు రోగి జేబులో ఉంటే, అక్కడ డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

చివరిగా ఒక మాట. చాచా ఆస్పత్రి నుంచి వచ్చాక మేము మాఫీ అడగడానికి ఇంటికి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇప్పించారు. “గనిలో దిగే ముందు పైకప్పు తట్టి చూసేటోళ్లం బేటా. డొల్ల శబ్దం వస్తే దిమ్మె కట్టినంక గాని అడుగు ముందుకు వేసేటోళ్లం కాదు. నా ఒంటి కాడికి వచ్చేసరికి నేనే తట్టి చూడలే, మిమ్మల్ని ఏమనాలె?” అన్నారు. బొగ్గు గని మనిషి చెప్పిన ఆ మాటకు మించిన జాగ్రత్త మా దగ్గర లేదు. ముందు తట్టి చూడాలి.

మీ సదఖా ఎవరి చేతికి చేరినా మేలే జరగాలని మీరు ఇస్తారు. ఆ మేలు జరిగిందో లేదో చూసే బాధ్యత మాది. ఒకసారి తప్పాం. ఇన్షా అల్లాహ్, మళ్లీ తప్పకుండా ఉండడానికి మీ దువా, మీ సలహా, మీ సాయం మూడూ కావాలి. అల్లాహ్ మీ అందరికీ, మీ ఇళ్లలోని పెద్దలకు ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.